మూడు వరుసల పలక

ఆ యంత్రం మా కళాశాల వెనుక గేటు దాటి లోపలికి వచ్చింది ఆగస్టు నెల పదకొండవ తేదీ, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు. ఇంత కచ్చితంగా చెప్పగలగడం నా జ్ఞాపకశక్తి గొప్పతనం కాదు. తిరువళ్ళూరులోని ఒక కళాశాలలో నేను గ్రంథాలయాధికారిని. చేతికి వచ్చిన ప్రతి పుస్తకానికీ, ప్రతి వస్తువుకూ తేదీ, గంట వేసి సంతకం చేయడం నా ఉద్యోగం. ఉద్యోగం కాని చోట కూడా ఆ అలవాటు నన్ను వదలలేదు. ఇంట్లో ఊరగాయ జాడీలకు సైతం చీటీలు అంటిస్తానని నా భార్య చుట్టాలందరి దగ్గరా ఫిర్యాదు చేస్తూ ఉంటుంది.

పోయిన గురువారం, పాత వస్తువుల ప్రదర్శన గదిలో గాజులు తుడిపిస్తూ ఉండగా, చరిత్ర చదివే విద్యార్థిని ఒకామె నన్ను ఆపింది. "సార్, ఈ మిషను పక్కన పలక ఇంత చిన్నది కదా, దాని చుట్టూ ఈ నాలుగు రంధ్రాలు ఎందుకున్నాయి? ఇంతకు ముందు ఇక్కడ పెద్ద పలక ఏదైనా ఉండేదా?" అని అడిగింది. "ఉండేది" అని మాత్రం చెప్పి, తాళాలు వెదుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటూ బయటికి వచ్చేశాను. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. ఆమెకు ఇవ్వవలసిన జవాబు ఒక్క మాటతో తీరేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

తిరుత్తణిలో రైల్వే స్టేషనుకు పోయే దారిలో పాత సినిమా హాలు ఒకటి ఉండేది. ఆడికృత్తిక పండుగకు కావళ్ళు మోసుకొచ్చిన జనం గుడి కొండ దిగి, మొక్కు తీర్చిన కాళ్ళను రెండున్నర గంటల సేపు చాపుకోవడానికి ఆ హాలుకు పోయేవారు. తెర మీద ఏ బొమ్మ ఆడుతున్నదో చాలామందికి పట్టింపు ఉండేది కాదు. హాలు మూతపడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు దాన్ని పడగొట్టి కల్యాణ మండపం కడుతున్నారు. యజమాని గారి కొడుకు మా కళాశాల పూర్వ విద్యార్థి. మెట్ల కింది గదిలో దొరికిన పాప్‌కార్న్ యంత్రాన్ని పారేయడానికి మనసొప్పక, గూడ్సు ఆటోలో మాకు పంపించాడు. "మా నాయన దీన్ని ఫారిన్ మిషను అనేవాడు" అని ఒక చీటీ కూడా జత చేశాడు. ఆ తరువాత నేను చేసిన తప్పులకు ఆ చీటీ మీద నింద వేయవచ్చు. వేయను.

యంత్రం మనిషి ఎత్తున ఉంది. నాలుగు వైపులా గాజు పలకలు, వాటి మీద రేకు పందిరి, ఆ పందిరి అంచు పొడవునా కత్తిరించిన త్రికోణాల వరుస. లోపల ఒక ఇత్తడి గిన్నె వేలాడుతున్నది, దాన్ని వంచి పేలాలను కింది పళ్ళెంలో పోయడానికి ఒక కర్ర పిడి ఉన్నది. గిన్నెలో గింజలను కలియదిప్పే కడ్డీని నడపడానికి పక్కన ఒక చెక్క చక్రం, దాని మీదుగా నూలు తాడు. గిన్నె కింద పంపుస్టవ్వు పెట్టడానికి చోటు చేశారు. అంతటి మీదా ఎర్ర రంగు, ఆ ఎర్ర రంగు మీద ఎన్నో ఏళ్ళ నూనె జిడ్డు, ఆ జిడ్డు మీద ధూళి. అడుగున ఒక మూల మాత్రం చిన్న ఇత్తడి బిళ్ళ మెరుస్తున్నది. దాని మీద అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒక అమెరికా నగరం పేరు, ఒక అంకె కనబడ్డాయి.

ఆ బిళ్ళను చూసిన క్షణాన నాకు కలిగిన ఆనందాన్ని ఇప్పుడు తలచుకుంటే ముఖం వేడెక్కుతుంది. పొదటూరుపేటలో మగ్గం నేసే కుటుంబం మాది. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. అటువంటివాడికి ఒక జబ్బు ఉంటుంది. తెలిసినదాన్ని తెలిసినదని ఒప్పుకోడు, పుస్తకంలో కనబడితేనే నమ్ముతాడు. నేను మూడు వారాలు కంప్యూటరు ముందు కూర్చుని, పాత పాప్‌కార్న్ యంత్రాలను సేకరించే విదేశీయులు పెట్టిన ఫోటోలు చూశాను. గాజు వంపు, గిన్నె వేలాడే తీరు, పందిరి ఎత్తు వరుసగా సరిపోల్చి నాలుగు పేజీల నివేదిక తయారుచేశాను. రేకు పందిరి అంచున ఉన్న త్రికోణాలను "ఆనాటి అమెరికా అలంకరణ శైలి" అని రాశాను. చెక్క చక్రాన్నీ, కర్ర పిడినీ, స్టవ్వు చోటునూ "తరువాతి కాలపు నాటు మార్పులు" అని రాశాను. ఆ నాటు అనే మాటను నేనే వెదికి పెట్టాను. ముందు వేరే మాట ఉంటే కొట్టివేసి మరీ పెట్టాను.

ప్రిన్సిపాల్ గారు నివేదిక మొదటి పేజీ చదివి, తక్కిన మూడింటినీ చేత్తో తూచి, "భేష్" అన్నారు. ఆయుధపూజ సెలవుల తరువాత గది ప్రారంభం అన్నారు. అతిథి ఎవరో ఆనాడే నిర్ణయమైపోయింది. ఆహ్వాన పత్రిక మీద యంత్రం ఫోటో వేసి, కింద "అమెరికాలో తయారైన అరుదైన యంత్రం" అని ఇంగ్లీషులో అచ్చు వేయించారు.

యంత్రాన్ని మునుపటి రూపానికి తెచ్చే పని నాదే. స్టేషను దగ్గర లేతు షెడ్డు నడుపుతున్న ఒక పెద్దాయన దగ్గరికి దాన్ని చేర్చాను. ఆయనది తిరువాలంగాడు పక్క పల్లె, మా లాగే తెలుగు ఇంటివాడు. చక్రాన్ని రెండుసార్లు ఇటూ అటూ తిప్పి చూసి, దాని దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"సార్, దీన్ని చేసినోడు తెలిసి చేసినాడు. చప్పుడుందా జూడండి. తీసేయబాకండి."

"అది ఒరిజినల్ కాదండీ. నివేదికలో ఉంది."

"నివేదికలో ఉండనీ సార్. చేతిలో ఉండేది గూడా జూడండి ఒకసారి."

చేతిలో ఉన్నదాన్ని నేను చూశాను. ఆ కర్ర పిడిని పట్టుకున్న నిమిషంలోనే నా అరచేతికి అది ఏమిటో తెలిసింది. అది నాడె. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసుకుపోయే నాడెను, కొనలు కోసి పిడిగా బిగించారు. నా పదహారేళ్ళ వరకు ప్రతి సాయంత్రమూ నేను పట్టుకున్న వస్తువు. చక్రం మా ఇంటి రాట్నం చక్రం లాంటిదే. గుర్తుపట్టలేదని రాయగలిగితే ఎంత బాగుండేది! గుర్తుపట్టాను. గుర్తుపట్టి, అమెరికా యంత్రానికి మన రాట్నం తగిలించి పాడుచేసిన వాడెవడో అని చిరాకుపడ్డాను. ఆ చిరాకు అడుగున మరొకటి ఉండింది. నాలుగు పేజీల నివేదిక రాసినవాడి చేతిలోకి, అంత దూరం నుంచి, మా ఇంటి సామాను వచ్చి పడినందుకు కొంచెం సిగ్గు. ఇప్పటి సిగ్గు దాని గురించే.

చక్రం, తాడు, నాడె, స్టవ్వు పెట్టే ఇనుప చట్రం అన్నిటినీ తీయించి ఒక గోనెసంచిలో వేయించాను. చిన్న మోటారు, స్టీలు పిడి, కరెంటు కాయిలు పెట్టించాను. గిన్నె లోపల ఏళ్ళ తరబడి పట్టిన నల్లని పొరను సోడాతో, ఇసుకతో రుద్ది రుద్ది, ముఖం కనబడేటట్టు తోమించాను. పెద్దాయన అడిగినది అడిగినట్టు చేసి ఇచ్చాడు. ఆ గోనెసంచిని గ్రంథాలయంలో పాత దినపత్రికల పక్కన పెట్టాను. తరువాతి శనివారం పాతపేపర్ల వాడు వచ్చినప్పుడు పత్రికలతో పాటు అది కూడా పోయింది. నేనే పొమ్మన్నాను.

ప్రారంభానికి నాలుగు రోజులు ఉందనగా మా మామ గ్రంథాలయానికి వచ్చాడు. మా అమ్మకు తమ్ముడు. తిరువళ్ళూరు కంటి ఆసుపత్రిలో చూపించుకుని, ఆ చీటీ చదివించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. మా వీధిలో ఎవరికి ఏ ఇంగ్లీషు కాగితం వచ్చినా నేనే చదివి చెప్పాలి. మామ మూడో తరగతి దాకా తెలుగు బడిలో చదివాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, తమిళంలో బస్సు బోర్డులు చదువుతాడు, ఇంగ్లీషు రాదు. నేత గిట్టుబాటు కాని రోజుల్లో ఆయన తిరుత్తణి సినిమా హాలులో చాలా ఏళ్ళు పనిచేశాడని నాకు తెలుసు. కుర్చీలు బాగుచేసేవాడని, నీళ్ళ మోటారు చూసేవాడని ఇంట్లో అనుకునేవారు. ఆ పని గురించి మా ఇంట్లో ఎవరూ గొప్పగా మాట్లాడేవారు కాదు. మా అత్తయితే అసలు మాట్లాడేది కాదు. మగ్గం వదిలి సినిమా కొట్టాయిలో కుర్చీలు తుడవడానికి పోయినాడన్నది ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

మామ నా బల్ల మీది ఆహ్వాన పత్రికను కంటికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మన మిషను గదరా" అన్నాడు.

"హాలు వాళ్ళు ఇచ్చారు మామా. అమెరికాది."

ఆయన నవ్వాడు. పక్క బల్ల దగ్గర చదువుకుంటున్నవాళ్ళు తలెత్తేంత గట్టిగా నవ్వాడు. "అమెరికా యాడిది నాయనా? నేను చేసింది. నా కైవేల ఇది."

తరువాత చెప్పుకొచ్చాడు. హాలు యజమానికి మద్రాసులో ఒక పెద్ద సినిమా హాలులో చూసిన పాప్‌కార్న్ యంత్రం మీద మనసు పడింది. తెప్పించే తాహతు లేదు. మామను వెంటబెట్టుకుని పోయి, వరసగా నాలుగు ఆటలకు టిక్కెట్టు కొనిచ్చాడు. "నాలుగాటలకు పోయినా, ఒక్క బొమ్మ గూడా జూళ్ళేదు. ఆ మిషను కాడనే నిలబడుకోని ఉంటి. జోబీలో నూలుపోగు పెట్టుకోని పోయింటి. ఆ పక్క తిరిగినప్పుడొక కొలత, ఈ పక్క తిరిగినప్పుడొక కొలత, ఒక్కోదానికి ఒక్కో ముడి. ఆ పేలాల పొరి అమ్మేవాడు నన్ను దొంగ అనుకున్నాడు. వాని కాడ అయిదారు పొట్లాలు గూడా తింటి, ఏం జేసేది." గిన్నె కోసం అన్నం వండే గుండిగెను సగానికి కోయించి కళాయి పూయించాడు. రాట్నం కదురును గింజలు కలిపే కడ్డీకి ఇరుసు చేశాడు. అరక్కోణం పాత ఇనుము అంగడిలో, రైల్వే ప్లాట్‌ఫారం మీద బరువు చూసుకునే యంత్రం ఒకటి విరిగిపోయి పడి ఉంటే, దాని ఇత్తడి బిళ్ళను ఊడదీసి దీనికి బిగించాడు. అది యజమాని కోరిక. ఫారిన్ మిషను అంటేనే జనం ఎగబడతారని ఆయన లెక్క. నువ్వు చేసినావని యాడా చెప్పొద్దు అన్నాడు, మామ సరేనన్నాడు.

"ముదలాళికి మాటిస్తి. ఆయన ఉండేదాకా మీ యత్తకు గూడా చెప్పలేదు. ఇంగ ఆయనే లేడు గదా." మామ ఫోటోలో పందిరి అంచు మీద వేలు పెట్టాడు. "ఇది జూడు. ఏందిది?"

నేను చూశాను. నా నాలుగు పేజీలలో రెండవ పేజీ మధ్య పేరా నా కళ్ళ ముందు కదిలింది.

"గోపురం అంచురా. మీయమ్మ పెండ్లి చీరకు నేసిన అంచు. రేకులో కత్తిరిచ్చినా. చూస్తే తెలీలేదా నీకు?"

ఆయన ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను ఏదో గొణిగాను. అప్పుడు మామ ఆహ్వాన పత్రికను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంటూ, గొంతు తగ్గించి, "బోర్డు పెడతారంట గదా? దాంట్లో మన పేరు రాస్తావా? మీ యత్తను పిల్చుకోని వస్తా. ఆ యమ్మి ఒకసారి వినాల" అన్నాడు.

"రాస్తాను మామా" అన్నాను.

ఆ సాయంత్రం నేను ప్రిన్సిపాల్ గారి గది ముందు నిలబడ్డాను. నాలుగు పేజీలూ తప్పు అని చెప్పాలి. అచ్చయిన ఆహ్వాన పత్రికలు తప్పు అని చెప్పాలి. లోపల ఆయన ఫోనులో ఎవరికో "అవునండీ, అమెరికాదే, మా లైబ్రేరియన్ పరిశోధన చేశారు" అని చెబుతున్నారు. మా లైబ్రేరియన్ అన్న మాట నాకు తీయగా వినబడింది. మా వంశంలో ఎవరి గురించీ ఎవరూ పరిశోధన అనే మాట వాడలేదు. తలుపు తట్టకుండానే తిరిగి వచ్చాను. మరునాడు తడదామనుకున్నాను. మరునాడు పలక తయారై వచ్చింది. నల్లని పలక మీద బంగారు రంగు అక్షరాలు, ఇంగ్లీషులో మూడు వరుసలు: పాప్‌కార్న్ యంత్రం, అమెరికాలో తయారైనది, తిరుత్తణి సినిమా హాలు వారి బహూకరణ. ఇంగ్లీషు ఒక్కటే చాలు, హుందాగా ఉంటుందని సలహా ఇచ్చింది కూడా నేనే.

ప్రారంభం రోజు అతిథి గారు రిబ్బను కత్తిరించాక యంత్రాన్ని నడిపించాం. నేను తోమించిన గిన్నె అద్దంలా మెరిసింది. ఆ మెరుపుకు గింజలు అతుక్కుపోయాయి. నల్లని పొర ఎందుకు ఉండేదో అప్పుడు తెలిసింది. పేలినవి కొన్ని, మాడినవి చాలా. గది నిండా పొగ కమ్ముకుంది. అతిథి గారు మాడిన పేలాలను మర్యాదగా నమిలి, "పురాతనమైన రుచి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వరుసలో చివరన, ఉతికిన తెల్ల పంచెలో మామ, నీలం చీరలో అత్త నిలబడి ఉన్నారు. మామ చప్పట్లు కొట్టలేదు. ముక్కుతో గాలి పీల్చి, నా వైపు చూశాడు.

జనం టిఫిను వైపు కదిలాక ఇద్దరూ దగ్గరికి వచ్చారు. మామ యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"చక్రం యాడరా?"

"మరమ్మత్తుకు ఇచ్చాను మామా."

"నాడె?"

"దాంతోనే."

మామ తల ఊపాడు. అత్త గాజు మీద అరచేయి ఆనించి లోపలికి చూస్తూ, "ఏం రాసుండాదో సదవమనయ్యా" అంది. మామ, "సదువు నాయనా, మీ యత్తకు వినబడేటట్టు" అన్నాడు.

నేను పలక ముందు నిలబడి చదివాను. "ఈ పాప్‌కార్న్ యంత్రాన్ని పొదటూరుపేట నేతగారు ఒకరు తమ చేతులతో తయారుచేశారు" అని మొదలుపెట్టి, మామ పేరు, ఇంటిపేరు చెప్పాను. మద్రాసు పోయి నాలుగు ఆటలు చూడకుండా నిలబడి నూలుపోగు ముళ్ళతో కొలతలు తీసిన సంగతి చదివాను. కదురు ఇరుసైన సంగతి, గుండిగె గిన్నె అయిన సంగతి, రేకు మీద గోపురం అంచు కత్తిరించిన సంగతి చదివాను. నా వేలు అక్షరాల కింద కదులుతూ ఉంది. నా ఉద్యోగంలో నేను రాసిన వాక్యాలన్నిటికంటే, ఆనాడు లేని అక్షరాలలోంచి చదివిన వాక్యాలే బాగున్నాయి.

అత్త పైట చెంగుతో కళ్ళు ఒత్తుకోలేదు, అటువంటి మనిషి కాదు. మామను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "ఇన్నేండ్లు కుర్చీలు తుడిచినావనే అనుకుంటి గదయ్యా. చెప్పేదానికి నోరు లేదా నీకు?" అంది.

"నీ ముందర యాడుంది నోరు" అన్నాడు మామ.

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు కొత్త. తరువాత నా వైపు తిరిగి, "ఇంగొక తూరి సదువు నాయనా" అంది.

రెండవసారి చదవడం మొదలుపెట్టాను. లేనిదాన్ని ఒకే విధంగా రెండుసార్లు చదవడం ఎంత కష్టమో అప్పటిదాకా నాకు తెలియదు. నూలుపోగు సంగతి ముందుకు వచ్చింది, గుండిగె సంగతి మరిచిపోయాను. అత్త కనుబొమలు ముడిపడ్డాయి. "ముందర గుండిగె గురించి ఏందో సదివినావే?" అంది. నా వేలు మూడవ వరుస చివర ఆగిపోయింది.

"చాల్లేయే" అన్నాడు మామ. "ఎన్ని తూర్లు సదివిస్తావు పిల్లోని చేత. బస్సుకు టైమాయె, పోదాం పా."

వెళ్ళే ముందు అత్త పట్టుబట్టి, వాచ్‌మన్ చేత తన ఫోనులో ఒక ఫోటో తీయించింది. పలకకు ఒక పక్క మామ, మరొక పక్క ఆమె. పలక నడుమ స్పష్టంగా పడింది.

మూడవ రోజు ఉదయం మా బావ ఫోను చేశాడు. మామ కొడుకు, ఆత్తిపట్టులో కరెంటు ఉత్పత్తి చేసే చోట ఉద్యోగం, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు.

"ఏం బావా, బాగుండావా? అమ్మ పంపించిన ఫోటో చూసినా."

నేను ఫోనుతో వాకిట్లోకి నడిచాను.

"బోర్డులో ఒకటి, నోట్లో ఒకటా? అమ్మ వీధంతా చూపిస్తాండాది. మా నాయన పేరు రాసుండారని పాలవాణ్ణి గూడా నిలబెట్టి చూపించిందంట. ఆ వీధిలో ఇంగ్లీషు వచ్చినోళ్ళు లేరనుకుంటివా? నేను చెప్పాల్నా, నువ్వు పోయి చెప్తావా?"

"నేను చెబుతాను" అన్నాను.

ఆ రోజే సెలవు పెట్టి బస్సెక్కాను. తిరుత్తణిలో బస్సు మారేటప్పుడు హాలు ఉన్న చోటుకు పోయి చూశాను. ముందరి గోడ మాత్రం మిగిలి ఉంది. పొదటూరుపేటలో మా వీధి మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా పవర్‌లూముల చప్పుడు. ఆ చప్పుడులో పుట్టిపెరిగినవాళ్ళు దాని మీదుగా మామూలు గొంతుతోనే మాట్లాడుకుంటారు. నేను అరవవలసి వచ్చింది. అంత సిగ్గుపడవలసిన మాటను అరిచి చెప్పడం ఒక శిక్ష. అత్త అంగడికి పోయి ఉంది. మామ కంటికి నల్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నాలుగు పేజీల నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను.

ఆయన మధ్యలో అడ్డం రాలేదు. అంతా విని, "తెలుసులేరా" అన్నాడు.

"బావ చెప్పాడా?"

"వాడు చెప్పేదేముంది. నువ్వు సదివేటప్పుడే తెలుసు. బోర్డులో ఉండేది మూడు వరసలు. నువ్వు సదివింది పది వరసల పొడుగుండె. పోగులు లెక్కబెట్టి బతికినోణ్ణి, అంత తెలీదా నాకు?"

"మరి అక్కడే అడగవలసింది కదా మామా."

"ఏమని అడిగేది? మీ యత్త మొగం జూసినావా ఆ పొద్దు? నలబై ఏండ్లయింది నేను ఆ మొగం జూసి." నల్లద్దాలు సర్దుకుని, "నువ్వు గూడా అంతమందిలో... వద్దులే అనుకుంటి" అన్నాడు.

పలక మార్పిస్తానని చెప్పాను. మార్చు అన్నాడు. "మీ యత్తకు మాత్రం చెప్పబాక. అప్పుడే రాసుండె అనుకోని ఉండనీ. వీధిలో వాళ్ళకు నేను చెప్పుకుంటా." అబద్ధం నాది, దాన్ని మోసే బరువు ఆయన తీసుకున్నాడు. అప్పుడు చక్రం, నాడె ఎప్పుడు తిరిగి బిగిస్తారని అడిగాడు. మరమ్మత్తులో లేవని, సంచి పాతపేపర్ల వాడికి పోయిందని, నిన్న వాడిని వెదికి పట్టుకుని అడిగితే కర్రంతా ఏదో టీ అంగడి పొయ్యికి పోయిందని చెప్పాడని చెప్పాను.

పలక సంగతి విన్నప్పుడు ఆయన ముఖంలో రాని నొప్పి ఇప్పుడు వచ్చింది. మగ్గాలు కొడుతూనే ఉన్నాయి.

"ఆ నాడె మీ తాతదిరా" అన్నాడు చివరికి. "చెయ్యి బాగా పట్టుకుంటాదని పెట్టింటి."

మళ్ళీ చేసి పెట్టమని అడిగే ధైర్యం నాకు లేదు, అయినా అడిగాను. రాట్నం యాడుంది ఇప్పుడు, కన్ను యాడుంది అని మాత్రం అన్నాడు. అత్త వచ్చి, కాఫీ పెట్టి ఇచ్చి, ఫోటో చూపించింది. బాగుంది అత్తా అన్నాను.

మరునాడు ప్రిన్సిపాల్ గారి గది తలుపు తట్టాను. తప్పును వివరించడానికి రాత్రంతా వాక్యాలు కూర్చుకుని పోయాను. ఆయన రెండవ వాక్యం దగ్గరే ఆపి, "అలాగా, మన ఊరి మనిషే చేశాడా? ఇంకా మంచిది కదండీ, మార్చేయండి" అని, మరొక ఫైలు చేతిలోకి తీసుకున్నారు. నేను వారం రోజులు తట్టలేకపోయిన తలుపు వెనుక ఉన్నది ఇంతే. కొత్త పలక చిన్నది. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉన్నాయి, తెలుగు పైన ఉంది. మామ పేరు, ఊరు, నేతపని, నూలుపోగు ముళ్ళు అన్నీ ఉన్నాయి. చక్రం, నాడె మునుపు ఉండేవని, వాటిని పొరపాటున తొలగించినది ఈ కళాశాల గ్రంథాలయాధికారి అని చివరి వరుసలో రాయించాను. కళాశాల పేరుకు అది శోభ కాదని కొందరు అన్నారు. ఉండనిచ్చాను.

కాలం గడిస్తే ఇటువంటివి పాతబడతాయని అనుకునేవాణ్ణి. యంత్రం పాతబడింది, హాలు పాతబడి నేలమట్టమైంది, పలక ముందు నిలబడి చదివిన ఆ రోజు మాత్రం ఇంకా నిన్నటిలాగే ఉంది.

మామ మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. నా భార్య పెట్టిన కాఫీ తాగుతాడు, ఊరి కబుర్లు చెబుతాడు, నన్ను నాయనా అనే పిలుస్తాడు. పోయిన నెల ఆయన సంచిలోంచి కంటి ఆసుపత్రి కాగితం జారిపడితే, చదవడానికి అలవాటుగా చేయి చాచాను. "ఉండనీలే నాయనా, మందులంగట్లో సదివించుకుంటి" అని దాన్ని మడిచి లోపల పెట్టుకున్నాడు. ప్రారంభం రోజు తరువాత ఆయన నా చేత ఏ కాగితమూ చదివించుకోలేదు.